పాదంలో నాడి దొరకలేదు: మూసుకుపోయిన కాలి ధమనులను తెరిచిన ఒక కేసు

ఆయన వయసు 64. దేవరకొండ వైపు ఒక ఊళ్లో రెండెకరాల బత్తాయి తోట, కొంత పత్తి చేను. పదిహేనేళ్లుగా షుగర్, అంతకు రెట్టింపు ఏళ్లుగా బీడీ. ఇంటివాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. నల్లగొండలో మా ఓపీకి వచ్చేనాటికే ఎడమ కాలి బొటనవేలు లేదు. ఆరు వారాల కింద ఒక చోట తీసేశారు. కుట్లు విచ్చుకున్నాయి, పుండు అంచులు నల్లబడ్డాయి, పక్క వేలు కొస కూడా నలుపు తిరుగుతోంది. చేతిలో ఉన్న చీటీలో తర్వాతి సలహా ఒక్క ముక్కలో ఉంది: మోకాలి కింద కాలు తీసివేయాలి.

ఫైలు మొత్తం తిరగేశాను. షుగర్ రిపోర్టులున్నాయి, చీము కల్చర్ ఉంది, ఎముక ఎక్స్‌రే ఉంది, మూడు రకాల యాంటీబయాటిక్‌ల పేర్లున్నాయి. పాదంలో నాడి అందుతోందా లేదా అన్న మాట మాత్రం ఏ కాగితం మీదా లేదు. ఈ కేసు రాయడానికి కారణం అదే. రక్తం చేరని పాదం మీద కత్తి పెడితే కోసిన చోటు మానదు. మానకపోతే ఇంకాస్త పైకి కోస్తారు, అదీ మానదు. వేలితో మొదలైంది మోకాలి దాకా ఇలాగే పోతుంది. ఇది తెలియని విషయం కాదు, అయినా మన జిల్లాల్లో ప్రతి నెలా చూస్తున్నాను.

మూడేళ్ల కింద మొదలైన నొప్పి

ఆయనకు మొదట వచ్చింది పిక్క నొప్పి. తోటలో కొంత దూరం నడిస్తే పిక్క పట్టేసేది, నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గేది, మళ్లీ నడిస్తే మళ్లీ అంతే దూరానికి వచ్చేది. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అన్నాడు. పట్నంలో నడుము ఎంఆర్ఐ తీయించారు, వెన్ను అరిగిందన్నారు. రెండేళ్లు నరాల మాత్రలు వాడాడు.

ఇక్కడ మన ప్రాంతానికే ఉన్న ఒక చిక్కు చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను, తుంటి, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఎంతమందో. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక పిల్లలకు ఆ బాధ తప్పుతోంది గానీ, చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగిన తరం ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అలాగే ఉంది. అందుకే అరవై దాటిన మనిషి కాలు నొప్పి అంటే డాక్టరు, ఇంటివాళ్లు, చివరికి ఆ మనిషి కూడా ఫ్లోరైడ్ అనో వెన్నుపూస అనో అనేసుకుంటారు. ఆయన ఎంఆర్ఐలో వెన్ను నిజంగానే అరిగి ఉంది. అది తప్పుడు రిపోర్టు కాదు. కానీ ఆ పిక్క నొప్పికి కారణం మాత్రం వెన్ను కాదు.

రెంటినీ విడదీయడానికి యంత్రం అక్కర్లేదు, అడగాలి అంతే. నరం నొక్కుకుపోయి వచ్చే నొప్పి ఊరికే నిలబడితే తగ్గదు. కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. సైకిలు పట్టుకొని వంగి నడిచేవాడికి అది తక్కువగా వస్తుంది. రక్తం అందక వచ్చే నొప్పికి వంగడంతో పని లేదు, అడుగు ఆపితే చాలు. ఈయనను అడిగాను. "నిలవడ్తె వోతది సారూ, కూసోవుడు అక్కర్లే" అన్నాడు.

తర్వాత నొప్పి రాత్రిపూటకు మారింది. "మంచం మీద కాలు సాపుకుంటే మంటలు లేస్తున్నయ్. కిందికి ఏలాడేస్తె జెర నెమ్మలం." ఆయన భార్య చెప్పింది: "రెండు నెలల సంది కుర్సీలనే పంటుండు సారూ. పండుకుంట పండుకుంట లేసి కూసుంటడు."

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఇదే. పడుకున్నప్పుడు గుండె, పాదం ఒకే ఎత్తులో ఉంటాయి. ధమని మూసుకుపోయిన కాలికి ఆ కాస్త ఒత్తిడి చాలదు. కాలు కిందికి వేలాడేస్తే రక్తపు బరువు తోడై కొంత అందుతుంది. అందుకే ఆ సుఖం. కానీ రాత్రంతా వేలాడేసిన కాలు వాస్తుంది, ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూసి ఇన్ఫెక్షన్ అనుకొని యాంటీబయాటిక్ మార్చారు. వాపు చూసి కాలు కింద రెండు దిండ్లు పెట్టి పైకెత్తమన్నారు. ఎత్తిన కాలిలో నొప్పి భరించలేక ఆయన ఆ దిండ్లు తీసి పారేశాడు. డాక్టరు చెప్పినా వినడు మొండోడు అని ఇంట్లో తిట్లు. ఆయన చేసిందే సరైన పని. చికిత్స అయ్యేదాకా తల వైపు మంచాన్ని కాస్త ఎత్తు పెట్టుకొని పడుకొమ్మని చెప్పాం.

వేళ్లు, కఫ్, డాప్లర్

పరీక్షలో గజ్జలో నాడి బాగుంది. మోకాలి వెనుక లేదు. పాదం పైన లేదు, లోపలి చీలమండ వెనుకా లేదు. పడుకోబెట్టి కాలును 45 డిగ్రీలు ఎత్తితే నిమిషం లోపే అరికాలు పాలిపోయింది. కూర్చోబెట్టి కిందికి దించితే రంగు రావడానికి చాలా సేపు పట్టింది, వచ్చాక ముదురు ఎరుపైంది. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన ఎరుపైతే కాలెత్తితే పోదు.

చీలమండ దగ్గర బీపీ కఫ్ కట్టి, రక్తం పారే శబ్దం వినిపించే డాప్లర్‌తో ఒత్తిడి కొలిచాం. ఆ లెక్కను చేతి ఒత్తిడితో భాగిస్తే 0.9 కంటే తక్కువ వచ్చినప్పుడు ధమని జబ్బు ఉన్నట్టు. ఈయనకు కఫ్‌ను 220 దాకా ఊదినా కింద శబ్దం ఆగలేదు. చాలా ఏళ్ల షుగర్, దానికి తోడు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ధమని గోడకు సున్నం పట్టి గట్టిపడుతుంది, కఫ్ దాన్ని నొక్కలేదు. అప్పుడు అంకె మామూలుగానో, 1.4 కంటే ఎక్కువగానో వస్తుంది. రిపోర్టులో అంకె బాగుంది కదా అని పంపించేస్తే కాలు పోతుంది. ఇలాంటి చోట కాలి వేలి దగ్గర కొలవాలి, వేలి ధమనులకు అంత తొందరగా సున్నం పట్టదు. బొటనవేలు లేదు కాబట్టి రెండో వేలికి చిన్న కఫ్ కట్టాం. 22 వచ్చింది. 30 కంటే తక్కువంటే పుండు తనంతట తాను మానే ఆశ చాలా తక్కువ. డాప్లర్‌లో వినిపించిందీ ఒకే దశలో సాగే నీరసమైన శబ్దమే.

స్కానింగ్‌లో బొమ్మ ఇది: తొడ మధ్య నుంచి మోకాలి పైదాకా, సుమారు 12 సెంటీమీటర్ల మేర పెద్ద ధమని పూర్తిగా మూసుకుపోయింది. మోకాలి వెనుక ధమని తెరిచే ఉంది. పిక్కలోని మూడు ధమనుల్లో ముందు వైపుది, యాంటీరియర్ టిబియల్, మొదట్లోనే మూత, వెనుక వైపుది, పోస్టీరియర్ టిబియల్, పిక్క మధ్యలో మూత, పెరోనియల్ ఒక్కటి సన్నగా, అక్కడక్కడ ఇరుకై మిగిలింది. పాదం పైన ఉండే డోర్సాలిస్ పీడిస్ ధమని మాత్రం పక్కదారుల గుండా వచ్చిన రక్తంతో కొంచెం నిండుతోంది. మా ఆశ అంతా దాని మీదే.

మిగతావి: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 10.4, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9, హిమోగ్లోబిన్ 9.2, గుండె పంపింగ్ 45 శాతం. పుండు, రక్తం కొరత, ఇన్ఫెక్షన్ మూడింటికీ మార్కులు వేసే విఫై పద్ధతిలో ఆయన అత్యధిక ప్రమాదం ఉన్న నాలుగో దశలోకి వచ్చాడు.

బైపాసా, బెలూనా

మూసుకుపోయిన ధమనికి రెండు దారులున్నాయి: సిరను కుట్టి మూత చుట్టూ కొత్త దారి వేసే బైపాస్, లోపలికి సన్నని బెలూన్ పంపి ఊది తెరవడం. చాలా మంది బెలూన్ అంటే కొత్తది కాబట్టి మంచిది అనుకుంటారు. నేనలా అనుకోను. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐ అధ్యయనం 1,830 మందిని తీసుకుంది. కాలిలో మంచి సిర ఉన్నవాళ్లలో బైపాస్ ముందు చేస్తే కాలికి పెద్ద చేటు లేదా మరణం 42.6 శాతంలో, బెలూన్ దారిలో 57.4 శాతంలో కనిపించింది. మరుసటి ఏడాది వచ్చిన బాసిల్-2 దీనికి ఎదురు చెప్పింది. మోకాలి కింది ధమనుల జబ్బు ఉన్న 345 మందిలో కాలు పోవడం లేదా మరణం సిరతో బైపాస్ చేసినవాళ్లలో 63 శాతం, ముందుగా బెలూన్ దారి పట్టినవాళ్లలో 53 శాతం. ఈ రెంటినీ చదివిన ఎవరైనా చేయాల్సిందొకటే: ముందు సిరను కొలవాలి, గుండెను చూడాలి, ఆపైన ఈ మనిషికి ఏది అని అడగాలి.

కొలిచాం. బైపాస్‌కు వాడే పొడవాటి సిర, సఫీనస్, ఎడమ కాలిలో రెండు మిల్లీమీటర్లకు మించి లేదు, కుడి కాలి సిరలో పాత గడ్డ ఆనవాళ్లున్నాయి. గుండె, కిడ్నీ రెండూ అంతంతమాత్రం. ఆయన సిర నాలుగు మిల్లీమీటర్లు ఉండి, గుండె బలంగా ఉంటే బైపాస్ కోసం హైదరాబాద్ పంపేవాణ్ని. లేదు కాబట్టి బెలూన్.

ఆయనకూ, భార్యకూ, కొడుక్కూ కలిపి కూర్చోబెట్టి చెప్పాను. తెరుచుకోకపోవచ్చు. తెరిచినా కొన్ని నెలల్లో మళ్లీ ఇరుకు కావచ్చు. ఎక్స్‌రేలో ధమని కనిపించడానికి ఇచ్చే రంగు మందుతో కిడ్నీ ఇంకా దెబ్బతినవచ్చు. ఇప్పటికే నల్లబడిన వేలు ఎలాగూ పోతుంది. మనం కాపాడాలనుకునేది మడమ, అరికాలు, అంటే నిలబడే కాలు. "కాలు తీస్తె తోటకెట్ల పోతడు సారూ" అని ఆమె ఒక్కసారే అడిగింది.

మొట్టమొదటిసారి ఈ పని చేసిన మనిషీ ఇలాంటి కేసుతోనే మొదలుపెట్టాడు. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో రేడియాలజిస్టు చార్ల్స్ డాటర్, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ల ముసలమ్మ తొడ ధమనిలోని ఇరుకును గొట్టాలతోనే వెడల్పు చేశాడు. ఆమె తన కాళ్ల మీదే నడిచింది. పదేళ్లకు, 1974లో, ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ బెలూన్ తెచ్చాడు. గుండెకు అది చేరింది ఆ తర్వాతే. బెలూన్ అంటే గుండె మాత్రమే గుర్తొచ్చే మనవాళ్లకు ఇది తెలియాలని రాస్తున్నాను.

టేబుల్ మీద

జిల్లా ఊళ్లలో ఉన్నవి గుండె కోసం పెట్టిన క్యాథ్ ల్యాబులు, అంటే ఎక్స్‌రే తెర మీద చూస్తూ రక్తనాళాల్లో పని చేసే గదులు. తెర చిన్నది, కాలంతా ఒకేసారి పట్టదు, ముక్కలు ముక్కలుగా చూసుకోవాలి. దానికి తోడు ఈయన తుంటి బిగుసుకుపోయి కాలు తిన్నగా చాపలేడు. తొడ కింద, మోకాలి కింద దిండ్లు సర్ది, ఆయనకు నొప్పి లేని భంగిమ దొరికాకే మొదలుపెట్టాం. ఈ సర్దుబాటుకు పట్టే సమయాన్ని వృథా అనుకోకూడదు. నొప్పితో కదిలే కాలిలో సన్నని వైరు నడపలేం.

గజ్జ దగ్గర మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్ చూస్తూ ఎడమ తొడ ధమనిలోకే పై నుంచి కింది దిశగా సూది వేసి, గొట్టాలు పోనిచ్చే సన్నని తొడుగు (6 ఫ్రెంచ్ షీత్) పెట్టాం. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ 5,000 యూనిట్లు. కిడ్నీ కోసం తొడ భాగమంతా రంగు మందు బదులు కార్బన్ డయాక్సైడ్‌తో చూశాం. ఆ వాయువు రక్తంలో కరిగి ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది, కిడ్నీ మీద భారం పడదు. ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కింది భాగానికే వాడాలి, గుండెకో మెదడుకో చేరేలా ఎప్పుడూ ఇవ్వకూడదు, సిరంజిలోకి బయటి గాలి చొరబడకుండా చూసుకోవాలి. ఇచ్చినప్పుడల్లా కాలు కాస్త గుంజుతుందని ముందే చెప్పాం. పిక్క కిందికి ఆ బొమ్మ స్పష్టంగా రాదు, అక్కడ సగం సెలైన్ కలిపిన రంగు మందు వాడాం. మొత్తం 38 మిల్లీలీటర్లు పట్టింది.

తొడలోని మూత సున్నం పట్టి గట్టిగా ఉంది. వైరు అసలు దారిలో పోలేదు, గోడ పొరల మధ్య మెలిక తిరిగింది. ఇది చెడు కబురు కాదు. ఆ మెలికనే నెమ్మదిగా కిందికి దించి, మోకాలి వెనుక మంచి ధమని మొదలయ్యే చోట మళ్లీ లోపలికి ఎక్కించవచ్చు. ఎక్కిందని రంగు మందు చుక్కతో నిర్ధారించుకున్నాకే బెలూన్ పెట్టాలి. ముందు 4 మిల్లీమీటర్ల మామూలు బెలూన్, తర్వాత ధమని మళ్లీ ఇరుకు కాకుండా చూసే పాక్లిటాక్సెల్ మందు పూసిన 5 మిల్లీమీటర్ల బెలూన్ మూడు నిమిషాలు. ఆ మందు పూసిన బెలూన్ల మీద 2018 చివర్లో మరణాలు పెరుగుతున్నాయన్న అనుమానం లేచింది. తర్వాత పెద్ద లెక్కలు చూసి 2023 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ అనుమానానికి ఆధారం లేదని చెప్పింది. బెలూన్ తీశాక ఒక చోట పొర విడిపోయి రక్తానికి అడ్డం పడింది. మళ్లీ ఐదు నిమిషాలు ఊది పట్టినా అలాగే ఉంటే అంత మేరకే ఒక చిన్న స్టెంట్ వేశాం. మోకాలు వంగే చోటికి అది రాకుండా చూసుకున్నాం.

చాలా మంది ఇక్కడే ఆపేస్తారు. బొమ్మ బాగుంటుంది, తొడలో రక్తం జోరుగా పారుతుంది. సాగర్ ఎడమ కాల్వ కింద పొలం చేసేవాళ్లకు తెలుసు, మేజర్ కాల్వ నిండుగా పారినా పిల్ల కాల్వ పూడితే చివరి మడి ఎండుతుంది. వేలి పుండుకు రక్తం అందాలంటే పిక్కలో కనీసం ఒక ధమని పాదం దాకా ఎడతెగకుండా తెరవాలి. ఈ పుండు పడ్డ చోటును పోషించేది ముఖ్యంగా యాంటీరియర్ టిబియల్, దాని కొనసాగింపైన డోర్సాలిస్ పీడిస్. అందుకే సులువుగా ఉన్న పెరోనియల్‌ను వదిలి దీని వెంట పడ్డాం.

పై నుంచి పోలేదు. ధమని మొదలు ఎక్కడో కూడా తెలియని మూత అది. ఎక్స్‌రేలో టిబియా, ఫిబులా ఎముకల మధ్య తెల్లని గీత కనిపిస్తుంటే అదే సున్నం పట్టిన ధమని అనుకొని దాని వెంట పోబోయాం. ఎక్స్‌రే యంత్రాన్ని (సీ-ఆర్మ్) కాస్త తిప్పి చూస్తే ఆ గీత ఎముకలతో పాటే కదిలింది. అది ఫ్లోరోసిస్‌లో ఎముకల మధ్య పొర గట్టిపడి ఏర్పడింది. మన జిల్లాలో పని చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, ఒకే కోణంలో చూసి వైరు నడపకూడదు.

అప్పుడు పాదం పైన, ఆ సన్నని డోర్సాలిస్ పీడిస్‌లోకి అల్ట్రాసౌండ్ చూస్తూ 21 గేజ్ సూది వేశాం. రక్తం జిమ్మలేదు, ఒక్క బొట్టు నెమ్మదిగా ఊరింది. అది చాలు. షీత్ పెట్టకుండానే సన్నని వైరును కింది నుంచి పైకి నడిపాం. పై నుంచి పోలేని మూతలోకి కింది నుంచి పోవడం తరచూ సులువవుతుంది, కింది వైపు మూత అంత గట్టిగా ఉండదు. మోకాలి దగ్గర ఆ వైరు కొసను పై నుంచి వచ్చిన గొట్టంలోకి దూర్చి గజ్జలోంచి బయటికి లాగాం. ఇక దారి మొత్తం మన చేతిలో ఉంది. 2.5 మిల్లీమీటర్ల పొడవాటి బెలూన్, రెండేసి నిమిషాలకు పైగా. మోకాలి కింద మందు పూసిన బెలూన్లు వాడలేదు. అక్కడ వాటి వల్ల నిలకడైన లాభం కనిపించలేదు. ధమని బిగుసుకుంటే దాన్ని సడలించే నైట్రోగ్లిజరిన్ ఇచ్చాం. పాదంలో సూది రంధ్రం దగ్గర లోపల చిన్న బెలూన్ తక్కువ ఒత్తిడితో పట్టి, బయట వేలు పెడితే రక్తం ఆగిపోయింది.

చివరి బొమ్మలో రంగు మందు తొడ నుంచి పాదం పైదాకా ఆగకుండా వచ్చి, పుండు చుట్టూ సన్నగా వ్యాపించింది.

తర్వాత

ఆ రాత్రి ఆయన కాలు చాపుకొని పడుకున్నాడు. రెండో రోజు పాదం వాచింది, కొంత నొప్పి వచ్చింది. రక్తం తిరిగి పారిన కాలిలో ఇది మామూలే, కానీ పిక్క గట్టిపడుతోందా, వేళ్లు కదులుతున్నాయా అని గంట గంటకూ చూశాం. క్రియాటినిన్ 2.1కి పోయి మూడో రోజుకు 1.8కి దిగింది. వేలి ఒత్తిడి 46. తెరిచిన ధమని ఫలితం పాదానికి పూర్తిగా అందడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఐదో రోజున రెండో వేలు, దాని వెనుక చచ్చిన కండ తీశాం. కోసిన చోట ఎర్రటి రక్తం వచ్చింది. మొదటి ఆపరేషన్‌లో రానిది అదే. వేలు తీయాలా వద్దా అనేది ఎప్పుడూ రెండో ప్రశ్న, రక్తం చేరుతోందా అనేది మొదటిది. ఒక్క మినహాయింపు: చీము నిండి ఒళ్లంతా విషమెక్కుతుంటే ముందు చీము వదిలించాలి, ఒకటి రెండు రోజుల్లో ధమని సంగతి చూడాలి.

వాక్యూమ్ డ్రెస్సింగ్, తర్వాత మామూలు డ్రెస్సింగ్. కోడలు నేర్చుకొని ఇంట్లోనే చేసింది. ఆమెకు ఇంకొకటి కూడా నేర్పాం: పాదం పైన నాడి ఎక్కడ కొట్టుకుంటుందో చూపించి, చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టి, రోజూ పొద్దున తాకి చూడమన్నాం. అది ఆగితే డ్రెస్సింగ్ రోజు దాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

మందులు: రక్తం గడ్డకట్టకుండా యాస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 మూడు నెలలు. ఆ తర్వాత క్లోపిడోగ్రెల్ ఆపి, యాస్పిరిన్‌కు తోడు రివరాక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. 2020లో వచ్చిన వాయేజర్ అధ్యయనం తర్వాత కాలికి ధమని తెరిచినవాళ్లకు ఈ జోడీ వాడుతున్నాం, రక్తస్రావం భయం ఉన్నవాళ్లకు మాత్రం కాదు. ఈయన హిమోగ్లోబిన్ తక్కువ కాబట్టి కడుపులో పుండు లేదని ఎండోస్కోపీలో చూసుకొని, ఐరన్ ఇచ్చి, 11 దాటాకే మొదలుపెట్టాం. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 80, షుగర్‌కు ఇన్సులిన్. బీడీ మానడం అన్నిటికంటే కష్టమైంది. రెండు నెలలకు కొడుకు తానూ మానేశాక ఈయనా మానేశాడు.

పద్నాలుగు వారాలకు పుండు పూర్తిగా మూసుకుంది. ఐదో నెల స్కానింగ్‌లో యాంటీరియర్ టిబియల్ మళ్లీ సగానికి పైగా ఇరుకైంది. తొడలో మాత్రం బాగుంది. మోకాలి కింద బెలూన్‌తో తెరిచిన ధమనుల్లో ఇది తరచూ జరిగేదే, మాకు ఆశ్చర్యమేమీ లేదు. మళ్లీ బెలూన్ వేద్దామా అని కొడుకు అడిగాడు. వద్దన్నాను. పుండు మానడానికి చాలా రక్తం కావాలి, మానిన చర్మం బతకడానికి అంత అక్కర్లేదు. రాత్రి నొప్పి లేదు, మిగిలిన వేలి దగ్గర ఒత్తిడి 41, కొత్త పుండు లేదు. బొమ్మకు చికిత్స చేయం. కొత్తగా గాయమైనా, రాత్రి నొప్పి తిరిగొచ్చినా అప్పుడు మళ్లీ ఆలోచిస్తాం.

కుడి కాలిలో తొడ ధమని 60 శాతం ఇరుకుగా ఉంది. ఆ కాలిలో పుండు లేదు, రాత్రి నొప్పి లేదు, కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. రోజూ నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవమన్నాం. ముందు అరగంట, క్రమంగా ముప్పావు గంట. తోటలోకి చెప్పుల్లేకుండా దిగొద్దని, మెత్తటి అట్ట వేసిన మూసిన బూట్లు కుట్టించాం. తొమ్మిదో నెల చూపులో ఎడమ పాదం చర్మం బాగుంది, డోర్సాలిస్ పీడిస్ నాడి బలహీనంగా అందుతోంది, క్రియాటినిన్ 1.8, హెచ్‌బీఏ1సీ 7.6. తర్వాతి స్కానింగ్ మూడు నెలలకు, రెండు కాళ్లకూ.